రేపటి తేదీ

నేను ఒక డేటు స్టాంపును. ఇదివరకైతే ఈ మాట ఛాతీ విరుచుకుని చెప్పేదాన్ని. ఇప్పుడు గొణుక్కుంటున్నాను. విశ్వవిద్యాలయం పరిపాలనా భవనంలో మెట్ల కింద ఒక చీకటి గది ఉంది. కాలు విరిగిన కుర్చీలూ, తిరగడం మానేసిన ఫ్యాన్లూ అందులో ఉంటాయి. వాటి మధ్య ఒక అట్టపెట్టెలో పడి ఉన్నాను. నా మెడకి దారంతో ఒక చీటీ కట్టారు. "లోపం ఉన్నది, వాడరాదు" అని రాశారు దాని మీద. నాలో ఏ లోపమూ లేదు. అయినా ఆ మాట అనడానికి నాకు ముఖం చెల్లడం లేదు.

నేను పుట్టింది విజయనగరంలో, కోర్టు పక్కనున్న సీళ్ళ కొట్లో. ఇత్తడి చట్రం, టేకు పిడి, రోజుకీ నెలకీ సంవత్సరానికీ తలొక రబ్బరు పట్టీ. పక్కనున్న పళ్ళ చక్రాలు తిప్పితే అంకెలు మారతాయి. పైన విశ్వవిద్యాలయం పేరు, కింద "స్వీకరించబడినది" అన్న అక్షరాలు. కొట్టాయన నన్ను తెల్లకాగితం మీద ఒకసారి ఒత్తి చూసుకుని, "మనిషి మాట మారుస్తాడేమో గానీ ఇది మార్చదు" అని మురిసిపోయాడు. పాపం, తను చేసిన వస్తువు గురించి ఆయనకెంత నమ్మకమో! నేనూ నమ్మేశాను.

కౌంటరు మీదికి వచ్చాక నా పొగరు చూడాలి! ఎంత పెద్ద ప్రొఫెసరు గారు రాసిన అర్జీ అయినా నేను పడితేనే కాగితం. లేకపోతే పకోడీలు కట్టుకోవడానికే పనికొస్తుంది. మొదట నన్ను వాడిన గుమాస్తా గారు చాదస్తపు మనిషి. రోజూ పొద్దున్నే బల్ల తుడిచి, గోడ మీద క్యాలెండరు చూసి, నన్ను కళ్ళ దగ్గర పెట్టుకుని మరీ తేదీ మార్చేవారు. ఆయన రిటైరై వెళ్ళిపోయాక సన్యాసిరావు గారి చేతిలో పడ్డాను.

సన్యాసిరావు గారు చెడ్డవారు కాదు. ముందే చెబుతున్నాను, తరవాత మీరు ఆయన్ని తిట్టుకుంటారని. ముసలివాళ్ళు వస్తే కుర్చీ చూపించేవారు, రాయడం రానివాళ్ళకి తనే ఫారం నింపి పెట్టేవారు. అయితే చేరిన కొత్తలో ఒక పొద్దున్న తేదీ మార్చడం మరిచిపోయి, నలభై ఉత్తరాల మీద నిన్నటి తేదీ వేసేశారు. పై అధికారి అందరి ముందూ నానా మాటలూ అన్నాడు. ఆ దెబ్బకి ఆయనొక పద్ధతి పెట్టుకున్నారు. సాయంత్రం నాలుగవగానే టీ గ్లాసు కింద పెట్టి, గుడ్డతో నా ముఖం తుడిచి, రోజు చక్రాన్ని ఒక పన్ను ముందుకి తిప్పేసేవారు. ఇంక పొద్దున్న వచ్చాక మరిచిపోయే ప్రసక్తే లేదు. మధ్యలో సెలవొస్తే మాత్రం, ఆఫీసు తెరిచిన పొద్దున్న మిగతా పళ్ళు తిప్పుకునేవారు. కౌంటరు మూసేది అయిదింటికి. ఆ మధ్య గంటలో వచ్చే కాగితాలన్నిటి మీదా నేను రేపటి తేదీనే కొట్టేదాన్ని. ఏళ్ళ తరబడి కొట్టాను. ఒక్కరూ గమనించలేదు. నాకూ అది అబద్ధమని తోచలేదు. రేపు ఎలాగూ వస్తుంది కదా అనుకునేదాన్ని. ఛీ, ఏం బుద్ధి నాది!

ఆ ఏడాది ఆగస్టు పద్నాలుగున, గడియారం నాలుగూ ఇరవై చూపిస్తుండగా ఒకావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. ముప్పయ్యయిదేళ్ళుంటాయి. చెంగుతో ముఖం తుడుచుకుంటూ, గుండెలకి హత్తుకున్న ప్లాస్టిక్ కవరు కౌంటరు మీద పెట్టింది.

"బస్సు ఆలీసమైపోనాది బాబూ. తీసుకుంతారా, టైమైపోనాదా?"

"అయిదింటి దాకా ఉంది. కంగారు పడకమ్మా, ఇంకా అరగంట పైనే టైముంది" అన్నారు సన్యాసిరావు గారు.

ఆవిడ పేరు నూకరత్నం. ఒక పల్లెటూరి బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతుంది. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక పట్టుబట్టి ఇంటర్ పాసయింది. ఆ పైన తమ ఊరికి దగ్గరున్న కమ్యూనిటీ కాలేజీలో ఆహార పదార్థాల తయారీ, నిల్వ నేర్పే ఏడాది డిప్లమా చదివింది. ఆ చదువులో ఒక్కో సబ్జెక్టుకీ, చెప్పిన గంటల్ని బట్టి కొన్ని క్రెడిట్లు. ఏడాదికి మొత్తం నలభై. ఆ నలభై పట్టుకొచ్చి చూపిస్తే మా విశ్వవిద్యాలయం డిగ్రీలో మొదటి ఏడాది చదివినట్టే లెక్కగట్టి, తిన్నగా రెండో ఏడాదిలో చేర్చుకుంటుంది. కాకపోతే డిప్లమా అయిన రెండేళ్ళలోపు, ప్రకటించిన తేదీ దాటకుండా దరఖాస్తు పెట్టుకోవాలి. దాటితే ఆ నలభై క్రెడిట్లూ చేరడానికి పనికిరావు. మళ్ళీ ఒకటో ఏడాది నుంచి మొదలుపెట్టాల్సిందే. ఆవిడకి అదే చివరి ఏడాది, ఆ రోజే చివరి రోజు.

"ఇంటికాడ రొండేళ్ళకి ఒప్పుకున్నారు బాబూ. మా అత్త పిల్లల్ని సూస్తానంది. మూడేళ్ళంతే మాత్రం వల్లకాదని ఖరాఖండీగా సెప్పీసినారు" అంది నవ్వుతూ, అడక్కుండానే.

సన్యాసిరావు గారు కాగితాలన్నీ సరిచూశారు. మార్కుల జాబితా, సిలబస్ పుస్తకం, ప్రతి పేజీ మీదా ప్రిన్సిపాల్ సంతకం. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. నన్ను తీసి సిరాలో అద్ది దరఖాస్తు మీద ఒకసారి, ఆవిడ రసీదు మీద ఒకసారి టపటపా కొట్టారు. ఆగస్టు 15. ఆయన చూడలేదు, ఆవిడా చూడలేదు. రసీదుని కళ్ళకద్దుకుని మరీ వెళ్ళింది. కళ్ళకద్దుకుంది నా అబద్ధాన్ని! ఇప్పటికీ అది గుర్తొస్తే నా రబ్బరు ముడుచుకుపోతుంది.

ఆ దరఖాస్తు పై అంతస్తులోని సెక్షన్‌కి వెళ్ళింది. నలుగురి చేతులు మారింది. నలుగురూ పదిహేను అన్న అంకె చూసి, గడువు పద్నాలుగు కదా అని, "గడువు దాటినది" అని ఎర్రసిరాతో రాశారు. పదిహేను నాడు జెండా పండగ. ఆ నలుగురూ ఆ పొద్దున్న మా భవనం ముందే వరసగా నిలబడి, వందనం చేసి, చాక్లెట్లు చప్పరించి ఇళ్ళకి పోయినవాళ్ళే. ఆ రోజు కౌంటరు తలుపే తెరవలేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. మనుషులకి నా మీద అంత నమ్మకం. వాళ్ళ కళ్ళ మీద లేని నమ్మకం నా మీద!

సెప్టెంబరు మొదట్లో నూకరత్నం, దరఖాస్తు తిరస్కరించినట్టు అందిన ఉత్తరం పట్టుకుని వచ్చింది. ముందు మా కౌంటరుకే వచ్చింది. సన్యాసిరావు గారు ఉత్తరం చదివి, రసీదు తీసుకుని చూశారు. ఆయన బొటనవేలు ఆ పదిహేను మీదే ఆగిపోయింది. ఓరగా నా వైపు చూశారు. అంతా అర్థమైపోయిందాయనకి. ఒక్క మాట అంటే చాలు. "ఇది నా పొరపాటు తల్లీ" అనేస్తే చాలు. కానీ ఆ మాట అన్నాక, ఇన్నేళ్ళ సాయంత్రాల కాగితాలన్నీ బయటికి లాగుతారని భయం వేసినట్టుంది. రసీదు తిరిగి ఇచ్చేసి, "పైన సూపరింటెండెంటు గారిని అడగమ్మా" అన్నారు.

కాసేపటికి అటెండరు గబగబా దిగి వచ్చాడు. "మేడం గారు డేటు స్టాంపు పట్టుకురమ్మన్నారండీ. ఆ ఆడమనిషి స్టాంపే తప్పంటోంది" అన్నాడు. అప్పుడు టైము నాలుగున్నర. నా ముఖం మీద అప్పటికే రేపటి తేదీ ఉంది. నాకు ప్రాణం లేచొచ్చినంత పనైంది. ఇలాగే తీసుకెళ్ళి ఒక్కసారి ఒత్తితే చాలు, నిజం దానంతటదే బయటపడుతుంది! సన్యాసిరావు గారు నన్ను చేతిలోకి తీసుకున్నారు. అటెండరు చూడకుండా రోజు చక్రాన్ని ఒక పన్ను వెనక్కి తిప్పారు. టక్కుమంది. అప్పుడు నన్ను పైకి పంపి, వెనకాలే తనూ వచ్చారు.

సూపరింటెండెంటు హైమావతి గారు తెల్లకాగితం మీద నన్ను ఒత్తారు. ఆ రోజు తేదీ ముత్యాల్లా పడింది.

"చూశావా అమ్మా? దీనికి నువ్వెవరో నేనెవరో తెలీదు. నీ మీద దీనికేమైనా పగా?"

"పద్నాలుగునే ఇచ్చినాను తల్లీ. ఇదుగో, ఈ బాబుకే ఇచ్చినాను. అరగంట టైముందని ఈ బాబే అన్నారు" అంది నూకరత్నం.

హైమావతి గారు సన్యాసిరావు గారి వైపు తిరిగారు. ఆయన నేల చూపులు చూస్తూ, "రోజుకి వందమంది వస్తారు మేడం. నాకేం గుర్తుంటుంది?" అన్నారు.

నూకరత్నం రసీదు మడిచి కవర్లో పెట్టుకుంది. కోప్పడలేదు, ఏడవలేదు. తనే తప్పు చేసినట్టు తలొంచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. తప్పు చేసిన మేమిద్దరం మాత్రం మళ్ళీ కౌంటరు ఎక్కి కూర్చున్నాం. ఆ రాత్రంతా సొరుగులో సిరా పెట్టె పక్కన పడి ఉన్నాను. దానితో మాట్లాడటానికే సిగ్గేసింది.

నాలుగు రోజుల తరవాత ఆవిడ మళ్ళీ వచ్చింది. చేతిలో ఒక ఫొటో. వాళ్ళ బడి ముందు జెండా, హెడ్మాస్టరు గారు, పిల్లలు, పక్కన బూందీ బేసిన్ పట్టుకుని తను. ఆ ఫొటోని బళ్ళో గోడకి అంటిస్తుంటే తేదీ చూసి, పదిహేనున తను బళ్ళోనే ఉంది కదా అని తట్టిందట. ఈసారి హైమావతి గారే ఆవిడతో పాటు కిందికి దిగి వచ్చారు. ముఖం జేవురించి ఉంది. దరఖాస్తుని కౌంటరు మీద పరిచారు.

"సన్యాసిరావు గారూ, పదిహేనున మన ఆఫీసు తెరిచి ఉందా?"

ఆయన చూపు గోడ మీది క్యాలెండరు మీదికి పోయింది.

"నాకూ తోచలేదు, అది నా బుద్ధితక్కువ. ఈవిడ దరఖాస్తు పద్నాలుగున అందినట్టే రాస్తున్నాను, చేరిపోవచ్చు. కానీ ఇదెలా జరిగిందో నాకు తెలియాలి" అని, నూకరత్నం వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. ఆ రోజు కాగితం తీసుకున్నది ఈయనే అన్నావు. టైముందని అన్నదీ ఈయనేనా? భయపడకు, చెప్పు. ఆ పైన సంగతి నేను చూసుకుంటాను."

సన్యాసిరావు గారి చెయ్యి నా పిడి మీద ఉంది. ఆవిడ అవునంటే చాలు, ఆయన ఉద్యోగానికి ఎసరొచ్చినట్టే. నూకరత్నం ఆయన చేతి వైపు చూసింది, ఆ చేతి కింద ఉన్న నా వైపు చూసింది.

"రోజుకి వందమంది వస్తారు కదా తల్లీ. నాకేటి గుర్తుంటాది?" అంది.

ఆయన మాటని ఆయనకే తిరిగి ఇచ్చేసింది. విసురు లేదు, వెటకారం లేదు. బడిలో పిల్లాడికి అన్నం పెట్టినట్టు పెట్టేసింది. అంతకన్నా నన్ను తీసి నేలకేసి కొట్టినా బాగుండేది.

హైమావతి గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నిట్టూర్చారు. ఫైల్లో "స్టాంపులో లోపము" అని రాసుకున్నారు. నూకరత్నం ఆ మధ్యాహ్నమే రెండో ఏడాదిలో చేరింది. కౌంటరుకి తేదీ దానంతటదే పడే కరెంటు మిషను వచ్చింది. అటెండరు చెబుతుంటే విన్నాను, సన్యాసిరావు గారు నాలుగవగానే ఇప్పటికీ దాని మీదికి చెయ్యి చాపి, ఠక్కున వెనక్కి తీసుకుంటారట.

నన్ను ఈ గదిలో పెట్టడానికి ఆయనే స్వయంగా వచ్చారు. చీటీ కట్టారు. తలుపు దగ్గరగా వేసి, జేబురుమాలుతో నా ముఖం తుడిచారు. రోజు చక్రం, నెల చక్రం మెల్లగా వెనక్కి తిప్పుతూ వెళ్ళి, ఆగస్టు 14 దగ్గర ఆపారు. "క్షమించు తల్లీ" అన్నారు. ఆ మాట నాతో కాదని నాకు తెలుసు. అనవలసిన మనిషి అదే సమయానికి, తరగతి గదులు చాలక మా భవనం పై అంతస్తులోనే పెట్టిన క్లాసులో పాఠం వింటోంది. మెట్లెక్కి ఆవిడకి చెప్పే ధైర్యం ఆయనకి లేదు.

ఆ తేదీ ఇంకా నా ముఖం మీదే ఉంది. సరైన తేదీయే. సిరా మాత్రం ఎండిపోయింది. రోజూ పొద్దున్న పదింటికి నా నెత్తిన మెట్ల మీద హడావిడిగా ఎక్కే అడుగుల చప్పుడు వినిపిస్తుంది. వాటిలో ఆవిడవి ఏవో నాకు తెలియదు. అందుకని ప్రతి అడుగుకీ సిగ్గుపడుతూ ఉంటాను.