తీజ్‌లో వెల్లుల్లి వాసన

ఖమ్మంలో జిరాక్స్ షాపులు కొత్తగా వెలుస్తున్న రోజులవి. కూతురు మంగ్లి ఖానాపురం షెడ్డులో పనికి కుదిరినప్పటి నుంచి ద్వాలికి కంటిమీద కునుకు లేదు. ఆటో బోల్తా పడుతుందేమో, కరెంటు కొడుతుందేమో, మేస్త్రీ చెయ్యి పట్టుకుంటాడేమో. పని మాత్రం చూడ్డానికి తేలికే. జిరాక్స్ మిషన్లో గుండ్రటి గొట్టం ఉంటుంది. వెలుతురు పడితే పనిచేసే పూత దాని ఒంటికి ఉండాలి. అరిగిన పూత గీకేసి, మూసిన గదిలో సెలీనియం అనే మందును కరిగించి, ఆ ఆవిరితో కొత్త పూత ఎక్కిస్తారు. గీకే పని మంగ్లిది. సాయంత్రానికి చేతుల నిండా ఎర్రటి పొడి.

శ్రావణంలో లంబాడీ తండాకు తీజ్ పండగ వచ్చింది. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకేసి, ఉప్పూ కారం వెల్లుల్లి ముట్టకుండా తొమ్మిది రోజులూ నీళ్లు పోయాలి. నియమం తప్పితే ఇంటికే కీడు. మంగ్లి వంగి నీళ్లు పోస్తుంటే ద్వాలి పక్కకు వచ్చింది. పిల్ల నోట్లోంచి వెల్లుల్లి వాసన!

"ఏం తిన్నవే?"

"ఏం తినలే యాడీ. సప్పటి రొట్టె నువ్వే పెడితివి గదా."

"నా ముక్కు చచ్చిందా? భవాని ముందర గిట్ల అబద్ధమా?"

"నీ మీద ఒట్టు."

"నా మీద వద్దు! నేను చావాల్నా?"

బుట్ట లాక్కుంది. తోటి పిల్లలు, "మంగ్లి మొలకలకు ఎల్లిపాయ తాలింపు పెడ్తది" అని పకపకా నవ్వారు. మంగ్లి ఆ రోజు నుంచి తల్లి ముందు నోరు విప్పలేదు. దువ్వెనకు గుత్తులుగా జుట్టు వస్తుంటే, అమ్మవారి కోపమే అనుకుంది ద్వాలి.

ఎక్కడ తింటోందో పట్టుకోవాలని ఒక మధ్యాహ్నం షెడ్డుకే పోయింది. గోడ పక్కన మంగ్లి వట్టి రొట్టె నములుతోంది. పక్కనే చిన్నక్క, అక్కడ పాత మనిషి.

"నా బిడ్డకు ఎల్లిపాయ పెట్టేది నువ్వేనా?"

చిన్నక్క నవ్వింది. "నేనేం పెడ్త అక్కా! ఇది పొడి వాసన. కొన్నాళ్లు పని చేస్తే అందరికి వస్తది. నా నోరు చూడు."

అదే వాసన. చిన్నక్క మళ్లీ నోటికి అడ్డం పెట్టుకున్న వేళ్లలో రెంటికి గోళ్లు లేవు.

ద్వాలి కూతురి చెయ్యి గుంజి చూసింది. గోళ్ల మీద అడ్డంగా తెల్లటి చారలు. ఒకటి ఊడేటట్టు కదులుతోంది.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు భయపడ్తవని."

ద్వాలి పిల్ల చేతిలోని రొట్టె పారేయించి, రోడ్డు మీదికి తెచ్చి ఆటో ఎక్కించింది. దవాఖానా దాకా మంగ్లి కొంగుతో నోరు గట్టిగా మూసుకునే కూర్చుంది, తల్లికి వాసన రాకుండా. ద్వాలి ఆ కొంగు తీసేస్తూనే ఉంది. పిల్ల మళ్లీ మూసుకుంటూనే ఉంది.