సుభద్ర వంతు మాత్రలు

పుస్తకాన్ని అద్దం మీద బోర్లించి, మూత వేసి, అరచేత్తో అదిమిపెట్టి కనకయ్య మీట నొక్కాడు. పచ్చటి వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. వెచ్చటి కాగితం బయటికొచ్చింది. పేజీ తిప్పి మళ్ళీ బోర్లించాడు. దేశ రాజధాని శివారు బేర్ సరాయ్‌లోని ఆ జిరాక్సు కొట్టులో తొమ్మిదేళ్ళుగా అతను చేస్తున్న పని ఇదే. సివిల్సుకు చదివేవాళ్ళు చరిత్ర, భూగోళం, రాజ్యాంగం మోసుకొచ్చి బల్ల మీద పడేస్తారు. అవన్నీ అతని చేతుల కింద నుంచి వేలసార్లు వెళ్ళాయి. వాటిలో ఏముందో అతనికి తెలియదు.

నలభై ఒక్కేళ్ళ పొట్టి మనిషి. గోళ్ళ సందుల్లో మిషనులో పోసే టోనరు పొడి నలుపు ఎంత రుద్దినా పోదు. ఎప్పుడూ మిషను మీదికి వంగి ఉండడం వల్ల నడిచేటప్పుడు కూడా కొంచెం వంగే ఉంటాడు. కొట్టుకొచ్చే వాళ్ళందరికీ అతను 'భయ్యా'. పేరు అడిగినవాళ్ళు లేరు.

ఆ జనవరి పొద్దున అతని చెయ్యి మాటిమాటికీ చొక్కా జేబు మీదికి పోతోంది. జేబులో ఖాకీ కాగితం పొట్లం, అందులో పద్నాలుగు మాత్రలు. సుభద్ర వంతు.

నాలుగు రోజుల కిందట మునీర్కాలోని ధర్మాసుపత్రిలో డాక్టరమ్మ రెండు పొట్లాలు ఇచ్చింది. "ఇవి మీకు, ఇవి మీ ఆవిడకు. ఇద్దరూ ఒకేసారి వేసుకోకపోతే మళ్ళీ మళ్ళీ అంటుకుంటుంది. ఆవిడకు పైకి ఏమీ తెలియకపోయినా లోపల ఉండొచ్చు," అంది హిందీలో. అతను లేవబోతుంటే ఇంకో మాట కూడా చెప్పింది. "కడుపుతో ఉంటే మాత్రం ఈ మందు ఇవ్వకూడదు. కనుక్కోండి. అనుమానంగా ఉంటే ఇక్కడికి తీసుకురండి."

కనకయ్య తల ఊపి వచ్చేశాడు. కనుక్కోలేదు. పదకొండేళ్ళ కాపురంలో అలాంటి మాటలు వాళ్ళ మధ్య ఎన్నడూ నడవలేదు. నెలలో ఆ నాలుగు రోజులూ సుభద్ర పక్క వేరుగా వేసుకుంటుంది. అతనికి తెలిసింది అంతవరకే.

కిందటి వానాకాలం చెల్లెలి పురుడని ఆమె తుని వెళ్ళి నాలుగు నెలలు ఉండిపోయింది. అప్పుడు, బైండింగు కొట్టు మనిషితో కలిసి, రెండుసార్లు స్టేషను వెనక వీధికి వెళ్ళాడు. తరవాత మూత్రానికి పోతే మంట పుట్టింది. కొన్నాళ్ళకు అదే తగ్గినట్టనిపిస్తే పోయిందనుకున్నాడు. దీపావళికి సుభద్ర వచ్చింది. ఆ జబ్బు మళ్ళీ పైకి తేలేసరికి పుష్యమాసం వచ్చింది. ఆమె పొత్తికడుపు పట్టుకుని వాము నీళ్ళు తాగుతుంటే అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు.

చెప్పడానికి నాలుగు రోజులూ నోరు రాలేదు. తన మాత్రలు కూడా మొదలుపెట్టలేదు. చివరికి ఒక దారి తోచింది. అవి గొట్టం మాత్రలు, విప్పితే లోపల ఉన్నది పొడే. టీలో అల్లం, బెల్లం ఎక్కువ వేస్తే చేదు తెలియదు. ఇవాళ సాయంత్రం నుంచి టీ తనే పెడతానంటే సరి.

మధ్యాహ్నం ఒంటిగంటకు సుభద్ర క్యారియరు తెచ్చింది. రెండు సందుల అవతల తెలుగు కుర్రాళ్ళ మెస్సులో వంట చేస్తుంది. అతనికన్నా బెత్తెడు పొడుగు. చేతుల మీద నూనె చిందిన మచ్చలు. రోజూ క్యారియరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయే మనిషి ఇవాళ కదల్లేదు.

"మిషను ఆపకండి," అంది దగ్గరికొచ్చి. "ఆపితే అందరికీ వినబడుద్ది."

"ఏంటి?"

"పద్దెనిమిది రోజులైంది."

"ఏమై?"

"నెల తప్పి." పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఎవరికీ చెప్పకండి. రెండు పోయాయి కదా. ఇది నిలబడ్డాక చెప్దాం."

ఆమె వెళ్ళిపోయింది. కనకయ్య మీట నొక్కుతూనే ఉన్నాడు. ఒకే పేజీ ఆరుసార్లు వచ్చింది.

"అరే భయ్యా, క్యా కర్ రహే హో?" ఏం చేస్తున్నావంటూ విసుక్కున్నాడు ఎదురుగా నిలబడ్డ కుర్రాడు.

ఆమె ఈ మాట రేపు చెప్పి ఉంటే? అప్పటికే టీలో మందు కలిసిపోయేది. క్యారియరు విప్పలేదు. ఒంట్లో బాగోలేదని యజమానితో చెప్పి, క్యారియరు పట్టుకుని గదికి నడిచాడు.

మేడ మీద గది ముందు ఎండలో కూర్చుని సుభద్ర తల దువ్వుకుంటోంది.

"అప్పుడే వచ్చేశారే?"

"సుభద్రా, నాకు జబ్బుంది. ఆడవాళ్ళ దగ్గరికి పోతే వచ్చేది."

దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. "ఏ ఆడవాళ్ళ దగ్గరికి?"

"నువ్వు తునిలో ఉన్నప్పుడు. రెండుసార్లు." అతను పొట్లం తీసి పిట్టగోడ మీద పెట్టాడు. "నీకూ అంటుకుని ఉంటదని డాక్టరమ్మ ఇచ్చింది. కడుపుతో ఉంటే వెయ్యకూడదంట. సాయంత్రం టీలో కలిపేద్దామనుకున్నాను."

ఆ చివరి మాట చెప్పకపోయినా ఆమెకు తెలిసేది కాదు. కాని చెప్పేశాడు.

"నాకు తెలీకుండానా?"

"తెలీకుండానే."

కిందనుంచి కూరగాయల బండివాడి కేక వినిపించింది. సుభద్ర పొట్లం విప్పి మాత్రల్ని చూసి మళ్ళీ మడిచింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"నాలుగు రోజులైంది."

"నాలుగు రోజులూ నేను వాము నీళ్ళు తాగుతుంటే చూస్తా ఉన్నారు."

అతను గోళ్ళలోని నలుపును గీరుకున్నాడు.

"ఏడవటానికి కూడా టైము లేదు నాకు," అంటూ ఆమె జుట్టు ముడేసుకుని లేచింది. "పదండి ఆ డాక్టరమ్మ దగ్గరికి."

మునీర్కా దాకా ఆమె పది అడుగులు ముందే నడిచింది. ఆసుపత్రిలో అతన్ని బయట కూర్చోమంది. తలుపు సరిగ్గా పడనందువల్ల లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. మూత్రం పరీక్ష చేశారు. కడుపు నిజమేనన్నారు. పాత పొట్లం వెనక్కి తీసుకుని వేరే మాత్రలు ఇచ్చారు.

"ఈ మందు బిడ్డకు ఇబ్బంది చెయ్యదు," అంది డాక్టరమ్మ. "తగ్గే జబ్బే. మంచి సమయానికి వచ్చారు."

"దీదీ, ముందు రెండు పోయినవి కూడా దీనివల్లేనా?" సుభద్ర హిందీ ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టుంది.

"ఎన్నాళ్ళైంది?"

"ఆరేళ్ళు దాటింది."

"ఇది మొన్న వచ్చిన జబ్బు. దానికీ దీనికీ సంబంధం లేదు."

బయట బెంచీ మీద కనకయ్యకు ఊపిరి ఆడింది. ఊపిరి ఆడినందుకే సిగ్గేసింది. తరవాత అతన్నీ లోపలికి పిలిచారు. ఇంకో పరీక్ష కోసం ఇద్దరి దగ్గరా రక్తం తీశారు. ఆ పరీక్ష పేరు డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆ రోజుల్లో బస్సుల వెనక ఎర్ర రిబ్బను బొమ్మ పక్కన రాసి కనిపించే పేరే. కాగితం సోమవారం వస్తుందంది.

ఎండ తగ్గకముందే సుభద్ర చేతిసంచిలో బట్టలు సర్దుకుంది. ఆమె పెద్దమ్మ కూతురు ఛాయాదేవి ఊరికి ఆ చివరనున్న వైశాలిలో కొత్తగా ఇల్లు కట్టుకుంది.

"ఛాయక్క దగ్గరికి వెళ్తున్నాను."

"ఎన్నాళ్ళకి?"

"మాత్రలయ్యేదాకా. తరవాత సంగతి నాకూ తెలీదు."

"నేను దింపుతాను."

"వద్దు." గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగింది. "మీ మందు పొద్దునొకటి, రాత్రొకటి. అన్నం తిన్నాకే. మానేస్తే మళ్ళీ మొదటికొస్తుందంట. సోమవారం పదింటికి ఆసుపత్రి దగ్గరుంటాను. ఆ కాగితం ఇద్దరం కలిసే చూద్దాం. నాకన్నా ముందు తీసుకుని జేబులో పెట్టుకోకండి."

"పెట్టుకోను."

ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో అతనికి అర్థం కాలేదు. అతను రోడ్డు మీదికి పోకుండా మేడ మీదనుంచే చూశాడు. బస్సు ఎక్కేటప్పుడు ఒక చెయ్యి కడ్డీ మీద, ఒక చెయ్యి కడుపు మీద వేసుకుంది. ఇంతకుముందు ఎప్పుడూ అలా ఎక్కలేదు. బస్సు మలుపు తిరిగింది.

అతను లోపలికొచ్చి క్యారియరులో చల్లారిన అన్నం రెండు ముద్దలు తిని, మొదటి మాత్ర వేసుకున్నాడు. పడుకుందామని దుప్పటి ఎత్తేసరికి దాని అడుగున, కింద వాటాలోని సిక్కు ఆవిడ దగ్గర నేర్చుకుని సుభద్ర అతని కొలతకు మొదలుపెట్టిన గోధుమరంగు స్వెట్టరు ఉంది. ఒళ్ళు, ఒక చెయ్యి అయిపోయాయి. రెండో చెయ్యి నాలుగు వేళ్ళ మేర అల్లి ఉంది, కుట్లు జారిపోకుండా సూదులు అందులోనే ఉన్నాయి.