మూడో మెట్టు

మొదటి వాన నీళ్లంత మురికి నీళ్లు లోకంలో ఉండవు. రోడ్ల మీది నూనె, మట్టి, చెత్త అన్నీ కడుక్కుని తిన్నగా రేవులో పడతాయి. ఏటా చేపలు చచ్చి తేలేది అందుకే. ఆ నీళ్లను ఆపి, రెల్లు మొక్కల మధ్య తేరనిచ్చి, అప్పుడు రేవులోకి వదలాలని ఇంజనీరమ్మ పట్టుబట్టింది. నాలుగేళ్లు కాళ్లరిగేలా తిరిగి ఈ వేసవిలో ఊరి దిగువన పెద్ద గుంట కట్టించింది. మిగులు నీళ్లు పొర్లిపోవడానికి అలుగు, అడుగున రేవులోకి తెరుచుకునే తూము. చెల్లెలి పని మీద నమ్మకంతో ఆమె అక్క ఆ పక్క వీధిలోనే ఇల్లు తీసుకుంది.

మధ్యాహ్నం కుండపోతగా వాన. తూము చూసే తాత ఫోన్ చేశాడు.

"అమ్మా, గుంటలో నీళ్లు నిండు గుర్తు దాటాయి. అలుగు మాత్రం పారట్లేదు."

"పారుతుంది తాతా. తూము ఎత్తకు, మురికంతా రేవు పాలవుతుంది."

"అలుగు ఎత్తు ఎక్కణ్ణించి కొలిచారు?"

"ఎప్పటిలాగే. రేవు ఆఫీసు మూడో మెట్టు నుంచి."

ఊళ్లో ఏ కట్టడానికైనా ఎత్తు ఆ మెట్టు నుంచే కొలవడం తాతల నాటి అలవాటు.

"కిందటేడు ఆ మెట్ల మీద కొత్త రాళ్లు పరిచారు కదమ్మా. జానెడు లేచాయి."

ఆమె లెక్క వేసుకుంది. అయితే అలుగూ జానెడు ఎక్కువే లేచింది. అక్క గడప దానికంటే బెత్తెడు ఎత్తులో ఉండాల్సింది, ఇప్పుడు కిందికి పోయింది. చదువుకున్నవాళ్లు కాగితం చూస్తారు గానీ మెట్టు చూస్తారా! పైగా అక్క కాలు విరిగి కట్టుతో మంచం మీద ఉంది, ఒక్కతే.

"తూమెత్తు తాతా!"

"మరి రేవో?"

"ఎత్తమంటున్నాను!"

అక్కకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వానలో పరిగెత్తింది. వీధిలో మోకాలి లోతు నీళ్లు. ఒక్కో అడుగుకీ భయం పెరుగుతోంది, దేవుడా దేవుడా అనుకుంటూనే ఉంది. ఇళ్ల గుమ్మాలన్నిటికీ ఇసుక బస్తాలు అడ్డంగా ఉన్నాయి, ఒక్క అక్క గుమ్మానికి తప్ప.

తలుపు తోసింది. గదిలో నల్లటి నీళ్లు. ఫోన్ ఎక్కడో మునిగింది. మంచం మీద గోడకు అతుక్కుని కూర్చుని ఉంది అక్క. చెల్లెలు వెళ్లి గట్టిగా పట్టుకుంది.

"పొద్దున మబ్బు చూసి వీధివాళ్లు నాకూ బస్తాలు తెచ్చారే," అంది అక్క. "మా చెల్లి కట్టింది, చుక్క కూడా రాదని నేనే వెనక్కి పంపేశాను."