గ్లాసు మేస్త్రి తీసేసిన వణుకు

ఆయన అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. అందరికీ గ్లాసు మేస్త్రి. రికార్డు ప్లేయర్లు, స్పీకర్లు బాగుచేయడానికి ఏ ఇంటికెళ్లినా ముందు గాజు గ్లాసుతో నీళ్లడిగేవాడు. తాగడానికి కాదు. గ్లాసును పెట్టె పక్కన పెట్టి ఆ నీళ్లకేసి కళ్లప్పగించి కూర్చునేవాడు. నీళ్లు కదిలాయా, ఇక ఆయన కోపం చూడాలి! "పాటకు వణుకు చెదపురుగమ్మా. దాని అంతు చూడందే నేను కదలను," అనేవాడు.

ఆ మధ్యాహ్నం ఒక దర్జీ ఆవిడ ఇంట్లో నీళ్లు ఒకటే కదులుతున్నాయి. మేడమీద రెండు గదులు, చెక్క పలకల నేల. ఒక గదిలో దర్జీ కుట్టుమిషన్. రెండోదాంట్లో వాళ్లక్క, ఆవిడ కుర్చీ, రికార్డు ప్లేయరు. చెల్లెలు మిషన్ తొక్కడమే తడవు, ప్లేయరు ముల్లు ఎగిరి పాటలో ఇంకెక్కడో పడుతోంది.

"అక్కకు ఉన్నదల్లా ఈ పాటలే మేస్త్రీ. నేను కుడితే పాట చెడుతుంది, కుట్టకపోతే పొయ్యి వెలగదు," అంది దర్జీ.

"నాకొదిలెయ్యమ్మా. రేపట్నుంచి మీ ఇంట్లో ఏనుగు గంతులేసినా ముల్లు కదిలితే నన్నడుగు."

రబ్బరు బంతులు సగానికి కోసి, వాటిమీద రాతిపలక, పలకమీద ప్లేయరు పెట్టాడు. స్పీకర్ల కింద మందపాటి రబ్బరు వేశాడు. ఊరుకున్నాడా? మిషన్ కాళ్ల కింద కూడా వేశాడు. చెల్లెలు మిషన్ తొక్కింది, పాట మోగింది. గ్లాసులో నీళ్లు నిద్రపోయాయి. కిటికీ, దాంట్లో తెల్లమబ్బు, అక్క నెరిసిన జుట్టు, అన్నీ ఆ నీళ్లలో చిన్నవైపోయి కదలకుండా ఉన్నాయి. మేస్త్రి ఎంతసేపు చూశాడో ఆయనకే తెలీదు. అక్క మాత్రం చెప్పులు లేని పాదాలకేసి చూసుకుని, ఒక నవ్వు నవ్వి ఊరుకుంది. నచ్చిందనుకున్నాడు ఈ మహానుభావుడు.

అయిదో రోజున దర్జీ, మేస్త్రి దుకాణానికి వచ్చింది.

"మా ఇంటికి ఏం మందు పెట్టారు మేస్త్రీ? అక్క పాటలు మానేసింది. అన్నం కెలికి లేచిపోతోంది. ఏమైందే అంటే ఏం లేదంటుంది."

మేస్త్రి సంచి తీసుకుని ఆమె వెంట నడిచాడు.

అక్క కిటికీవైపు తిరిగి కూర్చుని ఉంది. మేస్త్రి రికార్డు పెట్టాడు. పాట కడిగిన గాజులా వచ్చింది. అక్క తిరగలేదు. "అక్కగారూ!" అన్నాడు. ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సంచిలోంచి స్క్రూడ్రైవరు జారి నేలమీద పడింది.

"ఎవరూ?" అంటూ అక్క చటుక్కున తిరిగింది.

మేస్త్రి ఆవిడ ఎదురుగా వెళ్లి నేలమీద కూర్చుని, పెదాలు కదిలేట్టు నెమ్మదిగా అడిగాడు. "మీకు వినపడదా అమ్మా?"

"రెండేళ్లయింది నాయనా. చెల్లెలి మొహం చూసి మాట పోల్చుకుంటున్నా. దానికి చెప్పకు, కుట్టడం మానేసి నా పక్కనే కూర్చుంటుంది." అక్క తన పాదాలు చూపించింది. "పాట వీటితో వినేదాన్ని. నాకు తెలిసిన పాటలే కదా, దరువు తగిలితే చాలు, మిగతాది లోపల్నుంచి వచ్చేసేది. నువ్వొచ్చి వెళ్లాక అదీ పోయింది. ఇంకేముంది, కాళ్లకీ చెవుడొచ్చిందనుకున్నా."

గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు అంతా విన్నది. అరచేత్తో నోరు నొక్కుకుంది.

మేస్త్రికి సిగ్గేసింది. ముప్పై ఏళ్లలో ఎన్ని ఇళ్లలో, ఎవరెవరి పాట ఇలా ఊడ్చేశాడో! గబగబా గోడకు బ్రాకెట్లు బిగించి ప్లేయరును వాటిమీదికి ఎక్కించాడు, ఇక ముల్లుకు నేలతో పని లేదు. స్పీకర్ల కింద రబ్బరు లాగేసి, వాటిని చెక్కలమీద నేరుగా పెట్టాడు. పాట నేలలోకి దిగింది. కింద పెట్టిన గ్లాసులో నీళ్లు వలయాలు వలయాలుగా విచ్చుకున్నాయి. ఆ నీళ్లు కదిలితే ఆయన సంతోషించడం పుట్టాక అదే మొదటిసారి.

అక్క బొటనవేలు తాళం వేయడం మొదలుపెట్టింది. అంతలోనే ఆగింది.

"ఇంకా ఏదో తక్కువైంది నాయనా."

"ఏంటమ్మా?"

"పాట కింద ఇంకోటి ఉండేది. గడగడమని, పొద్దస్తమానం. అది ఉంటే చెల్లెలు పక్కగదిలో ఉందని తెలిసేది. ఈ అయిదు రోజులూ నేనొక్కదాన్నే ఉన్నట్టుంది ఇంట్లో."

మేస్త్రి లేచేలోపే చెల్లెలు పక్కగదిలోకి పరుగెత్తింది. మోకాళ్లమీద కూర్చుని మిషన్ కాళ్ల కింద రబ్బరు ముక్కలు ఒక్కొక్కటే పీకి పారేసింది. కళ్లు తుడుచుకుని, సూది కింద గుడ్డయినా పెట్టకుండా మిషన్ తొక్కింది.

అక్క రెండు పాదాలూ నేలకు ఆనించి కళ్లు మూసుకుంది.

"వచ్చావా చెల్లీ," అంది.