మూలగదిలో గురువారం

వానలు పట్టుకున్నాక ఆ ఆఫీసులో పొద్దున్నే అందరూ చేసే మొదటి పని, తడిసిన గొడుగుల్ని తీసుకెళ్లి మూలగదిలో తెరిచి పెట్టడం. బయట ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురుస్తున్నా మూలగదిలో ఎండ. అక్కడ ఇంకా గురువారం. ఎండలు తగ్గే రోజుల్లో ఒక గురువారం మధ్యాహ్నం ఆ గదిలోకి వచ్చింది, మళ్లీ బయటికి పోలేదు. కిటికీ అంచున ఒక పావురం ఒంటికాలి మీద నిలబడి ఉంది, రెండో కాలు ఇంకా దించలేదు. బల్లమీద సగం తాగి వదిలేసిన టీ అప్పటినుంచీ పొగలు కక్కుతూనే ఉంది. బోర్డు పెన్ను మూత తీసేసి ఉన్నా సిరా ఎండలేదు.

జనం దేనికైనా అలవాటు పడతారు. జీతం వచ్చే చోటయితే మరీ తొందరగా పడతారు. రిసెప్షన్ అమ్మాయి ఆ గదిలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకునేది. లెక్కలు చూసే ఆయన తన మేజోళ్లు కూడా అక్కడే ఆరేస్తున్నాడని ఫిర్యాదు వస్తే, ఆఫీసు పెద్దాయన ‘గొడుగులు మాత్రమే’ అని తలుపుకు ఒక కాగితం అంటించాడు. అంతకుమించి ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

ఒక్క మేనేజరమ్మే ఆ తలుపు ముందునుంచి వెళ్లేటప్పుడు మొహం తిప్పుకునేది. ఆ గురువారం ఆమెది.

ఆమె నడిపిస్తున్న పని ఒక ఆసుపత్రికి కొత్త కంప్యూటర్ సిస్టమ్ తయారుచేసి పెట్టడం. పాతది ముసలిదైపోయింది, దగ్గుతూ మూలుగుతూ నడుస్తోంది. వారం వారం మూలగదిలో కూర్చుని ఒక్కో పనికి ఒక్కో రంగు చెప్పాలి. బాగుంటే ఆకుపచ్చ, నలతగా ఉంటే పసుపు, మునిగేలా ఉంటే ఎరుపు. దేవుడు ఆకుపచ్చ రంగుని చెట్లకోసం చేశాడు. ఆఫీసులు దాన్ని దుప్పటిలా కప్పుకోడానికి వాడుకుంటున్నాయి.

ఆ రోజు ఆసుపత్రి తరఫున పెద్ద సిస్టర్ వచ్చింది. నర్సులందరి మీదా ఆవిడే పెద్ద. టీ తాగుతూ తాగుతూ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. పాత రోగుల వివరాలన్నీ కొత్తదాంట్లోకి సరిగ్గా వస్తున్నాయో లేదో తెచ్చి చూశారా అని.

చూశారు, కల్పించిన రోగులతో. టెస్టింగ్ చూసే ఆయన్ని అందరూ సందేహం గారనే పిలుస్తారు, అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. ఆయనే కూర్చుని బోలెడుమంది రోగుల్ని పుట్టించాడు. ముచ్చటైన రోగులు. మనిషికొక జబ్బు, చక్కటి పేరు, పొట్టి అడ్రసు. బడిపిల్లల్లా వరసకట్టి పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి నడిచి వచ్చేశారు. అసలు మనుషులు ఇంత బుద్ధిగా నడవరు, నిజం రికార్డులతో ఒకసారి రిహార్సల్ చెయ్యాల్సిందే అన్నాడాయన అప్పుడే. చేద్దామంది మేనేజరమ్మ. ఈ వారమంది, వచ్చే వారమంది. ఆ వారాలన్నీ వేరే పనులు మింగేశాయి.

ఆ సంగతి మనసులో మెదులుతూండగానే ఆమె నోరు “చూశాం సిస్టర్, అంతా ఆకుపచ్చే” అనేసింది. ఎదురుగా కూర్చున్న సందేహం గారు నోరు తెరిచాడు. ఆమె వంక చూశాడు. మూసుకున్నాడు. పెద్దాయన ముచ్చటపడి తలూపాడు. అందరూ లేచి వెళ్లిపోయారు.

గురువారం మాత్రం లేవలేదు.

ఇంట్లో ఈ సంగతి దాచలేదామె. అత్తగారి దగ్గర దాచడమంటే జల్లెడలో నీళ్లు దాచడమే. ఆవిడ అంతా విని, “గురువారం గడవకపోతే పోనీ. అక్కడ ఎండుందంటున్నావుగా, నా దుప్పటి తీసుకెళ్లి ఆరేసుకురా. ఇంటినిండా చెమ్మ వాసన” అంది.

దుప్పటి పుణ్యమా అని మేనేజరమ్మ మళ్లీ ఆ గదిలో కాలు పెట్టింది. ఆ రోజు తను కూర్చున్న కుర్చీ వీపుమీదే దాన్ని పరిచింది. సాయంత్రానికి అది వేడివేడిగా ఆరింది. అత్తగారు ముక్కుకి ఆనించుకుని చూసి మొహం చిట్లించింది. “ఎండ వాసనే. కానీ దాచిపెట్టిన ఎండ. ఇది కప్పుకుంటే నాకు నిద్రపట్టదు, నువ్వే కప్పుకో.”

ఆదివారం మధ్యాహ్నం అది కప్పుకుని కాస్త నడుం వాల్చిందో లేదో, కల్పించిన రోగులంతా వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. ఎవరి మొహంలోనూ ఏ జబ్బూ లేదు, నవ్వుతున్నారు. వాళ్ల వెనక ఇంకో గుంపు. వాళ్లు నవ్వడంలేదు. వాళ్లందరి భుజాల మీదనుంచీ ఏవో పొడుగాటి అక్షరాల వరసలు జారి, తడిబట్టల్లా నేలమీద ఈడ్చుకుంటున్నాయి. తలుపు దగ్గర ఎవరో వాటిని కత్తిరిస్తున్నారు. చప్పుడు లేకుండా, మర్యాదగా.

కొత్త సిస్టమ్ ఆన్ చేసే సోమవారం దగ్గరపడుతోంది. ఎవరికీ తెలియకుండా తప్పు సర్దేసుకుందామని ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. నిజం రికార్డులు చాటుగా తెప్పిద్దామంటే పెద్ద సిస్టర్ అనుమతి కావాలి, అనుమతి అడగాలంటే చూడలేదని చెప్పాలి. పోనీ మూలగదిలో పొద్దు గడవదు కదా, అక్కడే కూర్చుని మిగిలిపోయిన పనంతా చేసేద్దామని జట్టునంతా ఆ గదిలోకి మార్చింది. బ్రహ్మాండంగా పనిచేశారు. గడప దాటగానే చేసిందంతా మాయం. గురువారం నాటికి ఆ పని జరగలేదు మరి.

ఆఖరికి ఖాళీ కుర్చీలకు చెప్పి చూద్దామనుకుంది. తలుపు మూసి, గొంతు సవరించుకుని, “టెస్టింగ్ వైపునుంచి ఒక చిన్న ఖాళీ ఏర్పడినట్టు ఈమధ్యే గమనించాం” అంది. బల్లమీది ఎండ చరచరా వెనక్కి నడిచింది. గదిలో మూడున్నర కాస్తా రెండయింది. వెనక ఏదో అలికిడయితే తిరిగి చూసింది. గొడుగుల మధ్య వంగి తన గొడుగు వెతుక్కుంటున్న సందేహం గారు మెల్లగా నిలబడ్డాడు.

“విన్నారా?”

“విన్నా మేడమ్. వాక్యం బాగా కుదిరింది. అందులో మనిషన్నవాడే లేడు. ఖాళీ దానంతటదే పుట్టి, దానంతటదే పెరిగింది.”

“ఆ రోజు మీరూ నోరు తెరవలేదుగా.”

“తెరిచా. మీరు చూశారు. మూశా. అదీ చూశారు.” గొడుగు దులిపాడు. అది పొడిగానే ఉంది. “మూసినందుకు నా సిగ్గు నాకుంది. దాంతోపాటు మీదీ మొయ్యమంటే కష్టం.”

ఆమె తిన్నగా పెద్దాయన గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. కుర్చీ చూపించాడు, మంచినీళ్లిచ్చాడు. ముందు సోమవారం ఆన్ కానివ్వమన్నాడు. తర్వాత ఏదైనా తేడా వస్తే టెస్టింగ్‌లో లోపమని చెప్పి సందేహాన్ని పంపించేద్దామన్నాడు. “నీదాకా రానివ్వనమ్మా, నేనున్నాగా” అన్నాడు.

ఎంత ఆప్యాయంగా అన్నాడంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కొందరి దయ అలాగే ఉంటుంది. మనల్ని ఒడ్డెక్కించడానికి ఇంకొకడి మెడని మెట్టు చేస్తుంది. ఆ మెట్టుమీద కాలు పెట్టే ముందు కిందకి చూడని వాళ్లే పెద్ద పదవుల్లోకి వెళ్తారని ఆమెకి తెలుసు. తనకి ఆ పదవి మీద ఆశ ఉందనీ తెలుసు. మంచినీళ్లు తాగకుండానే లేచింది. వరండాలోకి వచ్చి పెద్ద సిస్టర్‌కి ఫోన్ చేసి, ఒక్కసారి రండి, మూలగదికే రండి అంది.

పెద్ద సిస్టర్ తడిసిన చెప్పులతో వచ్చి ఎండలో కూర్చుంది. ఆ రోజు కూర్చున్న కుర్చీయే. సందేహం గారు తన కుర్చీలో కూర్చున్నాడు. సంగతి ఎలా తెలిసిందో పెద్దాయన కూడా వచ్చి, నవ్వు తగిలించుకుని తన చోట సర్దుకున్నాడు. 

“ఏమ్మా, ఎండ చూపించడానికి పిలిచావా?” అంది పెద్ద సిస్టర్.

“ఆ రోజు మీరు నన్నొక ప్రశ్న అడిగారు. అదే మళ్లీ అడగండి సిస్టర్.”

ఆవిడ ఆమె మొహంలోకి చూస్తూ అడిగింది. “పాత రోగుల వివరాలన్నీ తెచ్చి చూశారా?”

“చూడలేదు. ఊరికే కల్పించిన పేర్లతో చూశాం. నిజం రికార్డులతో చూడాలని సందేహం గారు చెప్పారు, నేనే వాయిదా వేశాను. చూశామని మీకు అబద్ధం చెప్పిందీ నేనే.”

కిటికీ అంచున పావురం రెండో కాలు దించింది.

పెద్దాయన దగ్గి, ఇదంత పెద్ద విషయమేమీ కాదని మొదలుపెట్టాడు. “మీరాగండి” అంది పెద్ద సిస్టర్, ఆయన వంక చూడకుండానే. “ఏం పోతాయి అందులో?”

“తెలీదు.”

“తెలీదా!”

“తెలీదు సిస్టర్. తెలీనిదాన్ని ఆకుపచ్చ అన్నాను.”

“నువ్వా మాట అన్నావని నేను వెళ్లి వార్డువార్డుకీ చెప్పాను. మా నర్సు పిల్లలు భయపడుతుంటే, ఏం ఫరవాలేదే, అన్నీ చూశారట అన్నాను. నీ అబద్ధాన్ని నా నోటితో చెప్పించావు.”

క్షమించమని అడగబోయి మేనేజరమ్మ నాలుక కరుచుకుంది. తను ఏడుస్తూ క్షమాపణ అడిగితే ఇప్పుడు పెద్ద సిస్టరే తనని ఓదార్చాల్సివస్తుంది. ఉన్న బరువు చాలదని అది కూడా ఆవిడ నెత్తిన పెట్టడం దేనికి? అందుకని చెయ్యాల్సిన పని చెప్పింది. సోమవారం ఆన్ చెయ్యొద్దు. నిజం రికార్డులు ఇవ్వండి, రిహార్సల్ చేస్తాం. పాతది ఆపకుండా కొత్తది ముందు ఒక్క వార్డులో పెడదాం. మీ సిస్టర్ ఒకామె మా పక్కన కూర్చోవాలి, మీరు రాసుకున్నవి మీలా చదవడం మాకు రాదు.

పెద్ద సిస్టర్ అంతా వింది. “ఇలాంటి ఆకుపచ్చలు ఇంకా ఏమైనా ఉన్నాయా నీ దగ్గర?” అంది.

“ఉన్నాయి.”

“చెప్పు.”

చెప్పింది. ఒక్కొక్కటీ చెబుతూంటే ఎండ బల్లమీదనుంచి జారింది, నేలమీదకి దిగింది, గొడుగుల మీదుగా పాకుతూ గోడెక్కింది. సందేహం గారు కూడా తను నోరు మూసుకున్న సందర్భాలు ఒకటి రెండు బయటపెట్టాడు. పెద్దాయన మాత్రం పావురాన్ని చూస్తూ కూర్చున్నాడు, అది కాస్తా ఎగిరిపోయింది. గదిలోకి నారింజరంగు వచ్చింది, తర్వాత ఊదా. ఎవరో లేచి లైటు వేశారు. ఆ వెలుగులో పెద్ద సిస్టర్ ఎదుటి కప్పు అందుకుని ఒక గుక్క తాగింది. ఆ రోజు సగంలో వదిలేసింది ఆవిడే.

“చల్లారిపోయింది” అంది. “రికార్డులు రేపు పంపిస్తా.”

మర్నాడు మూలగది కిటికీ మీద వాన చినుకులు పడుతున్నాయి. గొడుగులు ఆరలేదు. ఆఫీసంతా మేనేజరమ్మ మీద కోపం తెచ్చుకుంది, అబద్ధం చెప్పినందుకు కాదు, ఎండ పోయినందుకు. పెద్దాయన తర్వాతి పెద్ద ప్రాజెక్టు ఇంకొకరి చేతిలో పెట్టాడు. ఆమెకి రిహార్సల్ మిగిలింది. అయితే సందేహం గారి ఉద్యోగం మీద చెయ్యి వెయ్యడానికి మాత్రం ఆయనకి సందు దొరకలేదు. పెద్ద సిస్టర్ ఎదుట ‘నేనే’ అన్న మనిషి ఆ సందులో అడ్డంగా నిలబడి ఉంది మరి.

నిజం రోగులు వరసలో రాలేదు. తోసుకుంటూ వచ్చారు. ఒకే పేరున్న వాళ్లు, పుట్టినరోజు తెలియని వాళ్లు, పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు. ఆసుపత్రినుంచి వచ్చిన సిస్టర్ పాత తెరమీద ఒక అడ్రసు గబగబా చదివింది. “నీళ్ల ట్యాంకు వెనక, నీలం గేటు, పెన్సిలిన్ పడదు.”

“పెన్సిలిన్ ఇంటి గుర్తా?” అన్నాడు సందేహం గారు.

ఆ సిస్టర్ నవ్వింది. ఎవరికి ఏ మందు పడదో రాసే గడి పాత సిస్టమ్‌లో లేదట. ప్రతి పేజీ మీదా అచ్చయ్యేది అడ్రసొక్కటే కాబట్టి, ఏళ్ల తరబడి నర్సులందరూ దాని చివరే రాసుకుంటూ వస్తున్నారట. అది వాళ్లకి ఎంత అలవాటయిందంటే ఎవరికీ చెప్పాలనే తోచలేదు. సందేహం గారు కొత్త తెర వైపు చూపించాడు. కొత్త సిస్టమ్ పొడుగు అడ్రసుల్ని చప్పుడు లేకుండా, మర్యాదగా కత్తిరించింది. నీళ్ల ట్యాంకు వెనక, నీలం గేటు. అంతే.

మేనేజరమ్మ ఆ తెర ముందు కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఏమీ తినకుండా పడుకుంటే, అత్తగారు వచ్చి ఆ దుప్పటే కప్పింది. కప్పేముందు వాసన చూసింది. “ఇప్పుడు చెమ్మ వాసనే వస్తోంది, హాయిగా పడుకో” అంది.

తర్వాత జరిగింది ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అక్కడ ఏమీ జరగలేదు కూడా.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, కొత్త సిస్టమ్ నడుస్తున్న ఒక వార్డులోకి జ్వరంతో ఒకావిడని తీసుకొచ్చారు. నర్సు సూది మందు సిద్ధం చేసుకుని, అలవాటుగా తెర వైపు చూసింది. పేరు కిందే, కొత్తగా పెట్టిన గడిలో, ఎర్రటి అక్షరాలు: పెన్సిలిన్ పడదు. నర్సు సూది తిరిగి పళ్లెంలో పెట్టేసింది.

“ఇంజెక్షన్ లేదా?” అంది ఆవిడ, ఆశగా.

“ఉంది. ఇది కాదు, వేరేది తెస్తా.”

కిటికీలోంచి ఎండ మంచం మీదకి పాకుతూ వచ్చింది. ఆవిడ దాన్ని అరచేత్తో తడిమి, “ఇవాళ ఏం వారం సిస్టర్?” అని అడిగింది.

“గురువారం.”

“అప్పుడే గురువారం వచ్చేసిందా” అంది నీలం గేటు ఇంటావిడ. “రోజులు ఇట్టే గడిచిపోతున్నాయి” అనుకుంటూ పక్కకి తిరిగి పడుకుంది.