కాగితంలో రాయించని జమ్మి చెట్లు

పొద్దున్నే మోటారు రంపం చప్పుడు వినిపిస్తే, ఊళ్ళో పిండిమర తిరుగుతోందనుకున్నాను. చెట్టు కొట్టడం పాపమనుకునే మా బిష్ణోయిల ఊళ్ళో పచ్చని చెట్టు మీద రంపం పెట్టగా అరవై ఏడేళ్ళలో ఎన్నడూ వినలేదు. అందుకే పోల్చుకోలేక, గంటసేపు తీరిగ్గా చాయ్ తాగాను.

పొలం చేరేసరికి ఐదు జమ్మి చెట్లలో నాలుగు నేలకూలి ఉన్నాయి. బావి వైపు నుంచి మూడోది నా భార్య ధాపుది. నాలుగేళ్ళ కిందట ఆమెను దాని కిందే మట్టిలో పెట్టాం. చితి పేర్చాలంటే చెట్టు కొట్టాలి కనుక మేం కాల్చం. సమాధి కట్టం, రాయి పాతం. ఆమె ఎక్కడుందో చెప్పేది ఆ చెట్టొక్కటే. ఇప్పుడు దాని మొద్దు తడితడిగా, లేత పసుపు రంగులో ఉంది.

ఐదో చెట్టుకు వీపు ఆనించి మా అక్క ఝమ్కు కూర్చుంది. ఒళ్ళో సగం తిన్న సజ్జరొట్టె.

"వచ్చావా తమ్ముడూ. సంతకం పెట్టింది నువ్వేనట. చూసుకో, నీ చదువు."

రంపం పట్టుకుని నిలబడిన రామ్‌బచన్ బీహారు నుంచి వచ్చిన కూలీ. "నా మీద కోప్పడకండి మాస్టారూ. మేస్త్రీ కాగితం చూపించాడు" అన్నాడు.

ఆ కాగితం నాకు తెలుసు. సోలార్ పలకలు పెట్టుకోవడానికి నేనే ఒక కంపెనీకి పొలం కౌలుకిచ్చాను. బొగ్గు కాలదు, పొగ రాదు, పురుగు చావదు. మా గురువు చెప్పిన ఇరవైతొమ్మిది నియమాలకు ఇంతకన్నా దగ్గరి పని ఏముంటుందనుకున్నాను. పదకొండు పేజీలూ చదివాను. 'భూమిపై ఉన్న అడ్డంకులు తొలగించవచ్చు' అన్న మాటా చదివాను. రాళ్ళనుకున్నాను. చెట్లు కొట్టకూడదని రాయించాలన్న ఆలోచనే రాలేదు. మా ఊళ్ళో అది, తల్లిని కొట్టనని కాగితం రాయించుకోవడం లాంటిది.

"ఒక్క పేజీ నాకు చదివి వినిపిస్తే అడిగేదాన్ని కదరా, జమ్మి సంగతేమిటని" అంది అక్క.

వెళ్ళి ఆమె పక్కన కూర్చుని చెట్టు చుట్టూ చెయ్యి వేశాను. బెరడు చల్లగా ఉంది.

"మీ ఆవిడను చెట్టు కింద పెట్టారని మీ అక్క చెప్పారు. ఆ చెట్టు ఇదేనా?" అడిగాడు రామ్‌బచన్.

"కాదు. అది పడిపోయింది."

"మరి దీన్నెందుకు పట్టుకున్నారు?"

"ఏం, కింద మనవాళ్ళుంటేనే పట్టుకోవాలా?" అంది అక్క. "ముందు నన్ను కొయ్యి. ముసలి ఎముకలు, నీ రంపం పళ్ళు జాగ్రత్త."

అతను నవ్వబోయి ఆగాడు. రంపం ఇసుకలో పెట్టి, తన సంచీ దగ్గరికెళ్ళి టిఫిన్ గిన్నె తెచ్చాడు. అందులో పుల్లల గూడు, రెండు గువ్వ పిల్లలు. అతని రొట్టెలు తువ్వాలులో మూటకట్టి ఉన్నాయి.

"ఆ మూడో చెట్టు మీదున్నాయి. కొయ్యకముందే దించాను. ఎక్కడ పెట్టాలో తెలీక..."

మా తలల మీది కొమ్మ చూపించాను. అతను ఎక్కి గూడు పెట్టి, కుదిరిందో లేదో రెండుసార్లు కదిపి చూశాడు. దిగాక మేస్త్రీకి ఫోన్ చేశాడు.

"నాలుగయ్యాయి. ఐదోది నా వల్ల కాదు. ఇంకెవరినైనా పంపుకోండి."

"పంపమను" అంది అక్క, రొట్టె విరిచి నాకో ముక్క ఇస్తూ. "మేమిద్దరం ఇక్కడే ఉంటాం."

ముక్క నా చేతిలోనే ఉండిపోయింది. తల్లి గువ్వ ఇంకా ధాపు చెట్టు మొద్దు చుట్టూనే తిరుగుతోంది. అది ఇటు వచ్చేదాకా కదలకూడదని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.