దిగడం నేర్పే పంతులమ్మ

నాలుగు దెబ్బల్లో టెంకాయ మూతి తెరవడం కుప్పుస్వామికి అలవాటు. ఐదో దెబ్బ పడిందంటే కాయ ముదురైనా అయ్యుండాలి, ఆయన మనసు పనిలో లేకైనా పోయుండాలి. ఆ ఉదయం మొదటి కాయకే ఆరు దెబ్బలు పడ్డాయి. ఎదురుగా నిలబడ్డ లాయరు గుమాస్తా చొక్కా మీద నీళ్ళు చిందాయి.

"ఏమప్పా, నిద్ర సాల్లేదా?" అన్నాడు గుమాస్తా.

"కాయ మొండిది సామీ," అని కుప్పుస్వామి నెపం కాయ మీదికి తోసేశాడు. కాయ మాత్రం లేతదే.

చిత్తూరు కోర్టు గోడ పక్కన ఆయన బండి పెట్టి ఏడేళ్ళయింది. అంతకు ముందు నలభై ఏళ్ళు ఆయన చెట్లెక్కాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు, ఆయన ఒళ్ళే చెబుతుంది. రెండు చీలమండల లోపలి వైపు, తాడు ఒరుసుకున్న చోట చర్మం చెప్పు తోలులా గట్టిపడింది. పాదాలు బయటికి తిరిగి ఉంటాయి. రొమ్ము నడుమ, మానుకు ఆనించి ఆనించి, వెంట్రుక మొలవని నల్లటి మచ్చ ఒకటుంది. అరవయ్యో ఏట మోకాళ్ళు మొరాయించాక, ఇంకొకరు దించిన కాయలు కొట్టి అమ్ముకుంటున్నాడు. దానికి ఆయన పెద్దగా బాధపడలేదు. పైనుంచి కిందికి చూసే పని పోయి, కిందనుంచి పైకి చూసే పని వచ్చిందని నవ్వేవాడు.

ఏడాదిలో ఒక్కరోజు మాత్రం ఆయన్ను అందరూ చేతులెత్తి మొక్కేవాళ్ళు. వాళ్ళ ఊరి ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం తిరునాళ్ళు జరిగేటప్పుడు అర్జునుడి తపస్సు రోజున, అరవై అడుగుల తపసు మాను పాతుతారు. అర్జున వేషగాడు దానికి కొట్టిన కర్ర మెట్ల మీద ఒక్కో పద్యం పాడుకుంటూ ఎక్కుతాడు. కొసన ఉన్న చిన్న మంచె మీద నిలబడి, సంచిలోంచి నిమ్మకాయలు, విబూది కిందికి వేస్తాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ పడుకుని కొంగులు పరుచుకుని ఉంటారు. కొంగులో నిమ్మకాయ పడితే కడుపు పండుతుందని నమ్మకం. పంతొమ్మిదేళ్ళు ఆ అర్జునుడు కుప్పుస్వామే.

ఆ ఉదయం ఆయన మనసు పనిలో లేకపోవడానికి కారణం చొక్కా జేబులో ఉంది. ఒక్కగానొక్క కూతురు మోహన, ల్యాబుకు పోతూ పోతూ ఆయన ఫోనులో మూడు వీడియోలు వేసి పోయింది. నలభై ఏళ్ళ మనిషి, సంతపేటలో ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం.

"నాయనా, ఈ మూడిట్లో ఏది బాగుండాదో నువ్వే సెప్పు. సాయంత్రం ఆరున్నరకు కొత్త బ్యాచిలు మొదులు. నాకు తెలిసినోళ్ళలో మానెక్కినోడివి నువ్వొక్కడివే."

ఇంట్లోనే ఉండి పోల్ డాన్స్ నేర్పే ఆన్‌లైన్ క్లాసులు అవి.

రెండు నెలల కిందట ఆ మాట మొదటిసారి విన్నప్పుడు కుప్పుస్వామి రెండు పూటలు అన్నం ముట్టలేదు. సినిమాల్లో కమ్మీ పట్టుకుని తిరిగే ఆడపిల్లలు, చుట్టూ సీసాలు పట్టుకున్న మగాళ్ళు, ఇవే కళ్ళ ముందు ఆడాయి. అది ఒంటికి మంచిదని, పోటీలు కూడా జరుగుతాయని మోహన ఎంత చెప్పినా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి అసలు సంగతి నోట్లోంచి ఊడిపడింది.

"అది సరే పాపా. ఆ పొట్టి బట్టలెందుకు?"

"తొడలకు గుడ్డ అడ్డమొస్తే జారతాది నాయనా. చర్మమే పట్టుకోవాల."

పంచె కట్టుకుని చెట్టెక్కిన కుర్రాళ్ళను ఆయన ఎంతమందిని తిట్టాడో లెక్కలేదు. నలభై ఏళ్ళూ గోచీ బిగించే ఎక్కాడు. ఆ పూట కంచం ముందుకు జరుపుకుని కూర్చున్నాడు. వారం తర్వాత, హాల్లో నేల నుంచి శ్లాబు దాకా స్టీలు కమ్మీ బిగించేటప్పుడు తానే పక్కన నిలబడి, పైన చెయ్యి పెట్టి ఊపి చూసి, రెండుసార్లు విప్పించి మళ్ళీ బిగించాడు. చుట్టూ బారెడు దూరంలో ఏ సామానూ ఉండకూడదని బీరువాను కూడా జరిపించాడు.

కోర్టు పిలుపులు మొదలై బేరం పలచబడ్డాక ఫోను తీశాడు.

మొదటి వీడియోలో కండలు తిరిగిన కుర్రాడొకడు ఇరవయ్యొక్క రోజుల్లో తలకిందులుగా వేలాడిస్తానన్నాడు. వేలాడదీయడానికి అన్ని రోజులెందుకని కుప్పుస్వామి అక్కడికక్కడే ఆపేశాడు. రెండోది విదేశాల ఆవిడ. మోహనకు అదే ఇష్టమని ఆయనకు తెలుసు. రెండువందల పాఠాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. ఆమె గాలిలో నడిచినట్టు పైకి పోయి, ఒక కాలు చాచి, చేతులు వదిలేసింది. కుప్పుస్వామి నోరు తెరుచుకునే చూశాడు. మరుక్షణం ఆమె నేల మీద నిలబడి నవ్వుతోంది. ఆయన వెనక్కి జరిపి చూశాడు. మళ్ళీ అంతే. పైన ఉంది, తర్వాత కింద ఉంది. నడుమ దిగింది ఎక్కడ? ఇంకో పాఠం తీశాడు, అందులోనూ దిగేది కత్తిరించేశారు.

మూడోది బెంగళూరులో ఉండే నవీన అనే ఆమెది. వారానికి మూడు రోజులు, ఎనిమిది మందికి మించకుండా, ఫోనులో ఎదురుగా చూస్తూ నేర్పుతుంది. కొంచెం బొద్దుగా, మన పక్కింటి అమ్మాయిలాగే ఉంది. మొదటి పది నిమిషాలూ ప్రశ్నలే. భుజం ఎప్పుడైనా తప్పిందా, కమ్మీ ఎవరు బిగించారు, కింద పరుపు ఎంత మందం, ఇంట్లో ఎవరైనా తోడుంటారా. కుప్పుస్వామికి విసుగొచ్చింది. మూసేద్దామనుకుంటుండగా ఆమె రెండడుగులు ఎక్కాక చెయ్యి జారింది. దాన్ని కత్తిరించకుండా అట్లాగే ఉంచింది. "ఇప్పుడు నేనెట్లా దిగానో మళ్ళీ చూడండి" అని నెమ్మదిగా చూపించింది. మొదటి రెండు వారాలూ దిగడమే నేర్పుతుందట.

అప్పుడే కాయల ఆటో వచ్చి ఆగింది. రోజూ కాయలు తెచ్చివేసే దామోదరం దిగి, గెల భుజాన వేసుకుని వస్తూ ఫోనులోకి తొంగి చూశాడు.

"ఏం మామా, ఈ వయసులో ఈ సూపులేంది!"

కుప్పుస్వామి చటుక్కున ఫోను బోర్లా పెట్టాడు. "ఏందోలేబ్బా, అదే వచ్చింది."

దామోదరం పగలబడి నవ్వి, కాయలు దించి ఆటో ఎక్కాడు. కుప్పుస్వామి బోర్లా ఉన్న ఫోను వైపు చూశాడు. సిగ్గేసింది. పద్నాలుగేళ్ళ కిందట కూడా ఆయన సరిగ్గా ఇట్లాగే చేశాడు.

ఆ ఏడు మోహనకు పెళ్ళయి ఆరేళ్ళు. అత్త వెంటబెట్టుకొచ్చి తపసు మాను కింద పడుకోబెట్టింది. పైన మంచె మీద నిలబడ్డ కుప్పుస్వామికి పసుపు చీర, పరుచుకున్న కొంగు స్పష్టంగా కనిపించాయి. అంతకు ముందురోజే ఊళ్ళో ఎవరో అన్నారు, ఈసారి నిమ్మకాయలన్నీ అర్జునుడి కూతురికేనని. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉంది. దేవుడి వేషంలో ఉండి సొంత బిడ్డకు వేసుకున్నాడంటారేమోనని, ఆయన మొహం అటు తిప్పుకుని సంచి మొత్తం రెండో వైపుకే ఖాళీ చేశాడు. రెండేళ్ళ తర్వాత మోహన ఒక సూట్‌కేసుతో పుట్టింటికి వచ్చేసింది. నిమ్మకాయతో పిల్లలు పుడతారో లేదో ఆయనకు తెలియదు. బిడ్డ కొంగు పట్టుకుని ఉంటే తాను మొహం తిప్పుకున్నానని మాత్రం తెలుసు. భార్యకు చెప్పుకోకముందే ఆమె కన్నుమూసింది. మోహనకు చెప్పడానికి నోరు రాలేదు.

"ఓ దామోదరం!" అని అరిచి, కత్తి బండి మీద పడేసి, కదులుతున్న ఆటో వెంట పరిగెత్తాడు.

దామోదరం బ్రేకు వేసి తల బయటికి పెట్టాడు. "ఏమైంది మామా?"

"ఇందాక సూసినావే, అది నా బిడ్డ నేర్సుకుంటాది. ఇంట్లోనే. ఈ పొద్దే మొదులు." ఆయాసంతో ఆగి, మళ్ళీ అన్నాడు. "ఎవురన్నా అడిగితే నేనే సెప్పినానని సెప్పు."

దామోదరం నవ్వలేదు. ఇంజను ఆపాడు. "మోహనక్కనా? పడితే నడుం ఇరగతాది గదా మామా."

"అందుకే అడగతా ఉండా. మీ షెడ్డులో పీచుంటే రెండు గోనెసంచులకు కుక్కి పెట్టు. గట్టిగా కాదు, రొంత మెత్తగా."

మధ్యాహ్నం నుంచి ఎడమ భుజం లాగుతూ ఉంది. కత్తి పట్టేది కుడి చెయ్యి కదా అని ఒకసారి అనుకున్నాడు. రోజూ చీకటి పడేదాకా ఉండే బండిని ఆ రోజు ఐదింటికే కట్టేసి, దామోదరం తెచ్చిన సంచులతో ఆటోలో మురకంబట్టులోని ఇంటికి చేరాడు.

మోహన అప్పుడే వచ్చి మొహం కడుక్కుంటోంది. తువ్వాలుతో తుడుచుకుంటూనే అడిగింది. "ఏది నాయనా? రెండోదే కదా?"

"కాదు. బెంగుళూరామె."

ఆమె మొహం చిన్నబోయింది. "ఆమె దగ్గర ఏముంది? నెల దాకా నేల వదలనీదు."

"రెండో ఆమె బలే ఎక్కతాది పాపా, కాదనను. యాడ దిగతాదో సూపించలేదు. రెండు పాఠాలు సూసినా. మానెక్కేది ఎవురైనా ఎక్కతారు, బయముంటే గట్టిగా పట్టుకుంటారు. దిగేటప్పుడు బయం పోతాది, అప్పుడే పడతారు. నాతోబాటు మానెక్కే కిష్టప్ప యాడ పడినాడు? ఇంగ రెండు మూరలుండాది నేల, ఆడ పడినాడు."

మోహన ఫోను తీసి నవీన క్లాసులో పేరు రాయించుకుంది. కుప్పుస్వామి కమ్మీ కింద పరుపు సరిచేసి, అటొకటి ఇటొకటి పీచు సంచులు పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోకుండా ఒకదాని మీద ధబ్బున కూలబడి, అటూ ఇటూ కదిలి చూశాడు. ఆ వేషానికి మోహన నవ్వింది. ఆయన లేవలేదు. అక్కడే కూర్చుని, కమ్మీ వైపు చూస్తూ చెప్పాడు.

"పాపా. ఆ ఏడు నువ్వు మాను కింద పడుకోనుంటివే. నువ్వు నాకు కనబడినావు. సూసే అటు తిరిగినా."

మోహన నవ్వు ఆగింది. జడ చుట్టి ముడి వేసుకుంటున్న చేతులు మాత్రం ఆగలేదు.

"తెలుసు నాయనా. కింద నుంచి అంతా కనబడతాది."

"మరి అడగలేదే?"

"యాడాది నీతో సరిగా మాట్లాడలేదు. నువ్వు కనుక్కోనే లేదు." ఆమె జడ ముడి బిగించింది. "సానా ఏడ్సినా. ఒకటి సెప్పనా? ఆడ పడుకోని నేను నిమ్మకాయ కోసం సూడలేదు. నీ కాళ్ళు సూస్తా ఉన్నా. ఏ కాలు ముందు పెడతావు, యాడ ఆనిస్తావు అని. మా అత్త కొంగు సరిగా పట్టమని గిల్లతానే ఉంది."

కుప్పుస్వామి అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. పద్నాలుగేళ్ళు మోసిన బరువు దిగిందో, ఇంకోటి ఎక్కిందో ఆయనకే అర్థం కాలేదు. ఇంత దూరం వచ్చాక ఏడవడం ఎందుకని లేచి, గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

ఆరున్నరకు ఫోనులో నవీన వచ్చింది. ఒక్కొక్కరి కమ్మీ చూసింది, పరుపు చూసింది. "మోహన గారూ, ఆ సంచులు భలే ఉన్నాయే, ఎవరు పెట్టారు?" అంది.

"మా నాయన," అంది మోహన. "ఆయన మానెక్కేవాడు."

ముప్పావు గంట నిలబడటం, పట్టుకోవడం, ఊపిరి పీల్చడం. చివర్లో నవీన ఒక్కసారి రెండు కాళ్ళూ పైకి తీయమంది, మూడు లెక్కపెట్టేదాకా. కుప్పుస్వామి కుర్చీలో ముందుకు వంగాడు. భుజం లాగడం రొమ్ములోకి దిగింది. ఇప్పుడు నోరెత్తితే బిడ్డ పట్టు వదిలేస్తుందని పళ్ళు బిగించాడు. మోహన మడమలు లేచాయి, తర్వాత వేళ్ళు. కుడి కాలు ముందు పెట్టింది. అది ఆయన పద్ధతే. ఒకటి, రెండు, మూడు. ఈసారి ఆయన కన్ను కూడా ఆర్పలేదు.

"దిగు పాపా. నిదానంగా," అన్నాడు.

మోహన పై చెయ్యి కిందికి తెచ్చి, తొడ పట్టు సడలించి, బొటనవేలు ముందు ఆనించి, తర్వాత పాదం మోపింది. రెండు కాళ్ళూ పరుపు మీద నిలిచాక గానీ కమ్మీ వదల్లేదు. ఊపిరి అందక నవ్వుతూ వెనక్కి తిరిగింది.

"సూసినావా నాయనా?"

ఆయన తల గోడకు ఆని ఉంది. కళ్ళు కమ్మీ వైపే ఉన్నాయి. మోహన దగ్గరికి వచ్చి మణికట్టు పట్టుకుంది. రోజుకు యాభై మందికి నరం వెతికే వేళ్ళు అవి. ఎంతసేపు వెతికినా ఏమీ తగల్లేదు. వెనకాల ఫోనులో నవీన, చాలా బాగా దిగారండీ అంటోంది.

కాసేపటికి ఇల్లంతా జనం. దామోదరం ముందు వచ్చాడు, తర్వాత వీధివాళ్ళు. ఆయన్ను పడుకోబెట్టడానికి చోటు కావాలని పరుపు తీసి గోడకు నిలబెట్టారు, కుర్చీ బయట వేశారు. మోహన ఏడుస్తూ కమ్మీకి వీపు ఆనించి కూర్చుంది. గోనెసంచులు అడ్డంగా ఉన్నాయని ఎవరో లాగబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. వాటిలో ఒకదాని నడుమ, ఆయన కూర్చుని చూసిన చోట, పీచు ఇంకా పల్లంగానే ఉంది.